చెక్కుచెదరని అద్దం

కోమలకు పిరికితనం పుట్టుకతోనే వచ్చింది. హాలియా పిల్ల. కాలువ, వరిపొలం తప్ప ఇంకేమీ ఎరగదు. అత్తగారింటి వెనక గుట్ట మీదున్న గుండురాయిని చూసిన రోజు నుంచి దానికి కంటి మీద కునుకు లేదు.

నిజమే, గుండు పెద్దదే. ఇంటికంటే పెద్దది. నడిమధ్య పగులు కూడా ఉంది. అయితే ఏమిటట? అత్త ఈదమ్మ రాళ్లు మోసి కట్టుకున్న ఆ ఇంట్లో, ఆ గుండు కిందే నలభై ఏళ్లుగా వండుతోంది, తింటోంది.

పైగా సర్కారు వాళ్లు ఊరికే వదిలెయ్యలేదు. మూడేళ్ల కిందట భువనగిరి నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. పగులుకు అడ్డంగా జానెడు అద్దం ముక్కను సిమెంటుతో అతికించాడు. గుండు కదిలితే అద్దం పగులుతుందని, పగిలిన రోజే ఇల్లు ఖాళీ చేయిస్తామని చెప్పాడు. ఏడాదికోసారి వచ్చి, అద్దం చూసి, భయం లేదని రాసుకుని పోతున్నాడు.

అంత చదువుకున్నవాడు చెప్పినా ఈ పిల్ల బుర్రకు ఎక్కదే! చినుకు పడితే చాలు, మూడు నెలల బిడ్డను చంకనేసుకుని వీధిలోకి ఉరికేది. వాడకట్టంతా పగలబడి నవ్వేది.

"బిడ్డనన్న మా అమ్మగారింట్ల ఉంచొస్త అత్తమ్మా. గుట్ట మీద ఏందో చప్పుడైంది."

"గుట్ట అన్నంక చప్పుడు గాదా? గిన్నేండ్ల సంది మేమంత సచ్చినమా? దా, నీ కండ్లతోని సూడు."

పొద్దున్నే ఒకసారి ఎక్కి గుండుకు పసుపు పూసి వచ్చిన మనిషి, కోడలి కోసం మళ్లీ గుట్టెక్కింది. ఆ వయసులో ఆ గుండె ధైర్యం చూసైనా కోమల సిగ్గుపడాలి.

అద్దం ఉన్నచోటే ఉంది. మూడేళ్ల ఎండకూ వానకూ ఒక్క గీత పడలేదు. కొత్తదానిలా తళతళలాడుతోంది.

"పలిగిందా?"

"లేదు."

"మరి గా ఏడుపెందుకే?"

కోమల తల దించుకుంది. ఆ సాయంత్రమే వెనకగదిలో, గుట్టవైపు గోడ పక్కన, బిడ్డకు ఉయ్యాల కట్టింది. ఇన్నాళ్లకు దానికి బుద్ధొచ్చింది.

మర్నాడు ఈదమ్మ మోత్కూరులో పటాలు కట్టే దివాకర్ దుకాణానికి వెళ్లింది. ఆమెను చూడగానే అతను టేపు తీశాడు.

"పాత కొలతేనా అవ్వా?"

"గదే, జానెడు. గీసారి ఐదు కొయ్యి బిడ్డా, ఈ నడుమ వారానికొకటి పలుగుతాంది."