మూడో నంబరు తీగ

"కాఫీ ఉందా అంటే తలూపింది మీ క్యాంటీనావిడ. అరగంట నిలబెట్టింది. చివరికి కాఫీ లేదు, పాడూ లేదు!" వియన్నా నుంచి వచ్చిన తనిఖీ అధికారి ఎగర్ రుసరుసలాడుతున్నాడు.

రలీత్సా నవ్వాపుకుంది. ఆవిడ తల నిలువుగా ఊపి ఉంటుంది. ఈ ప్లోవ్‌దివ్ ఊళ్ళో అలా ఊపితే లేదనే. ఉందంటే అడ్డంగా ఊపేది. ఆ ముక్క చెబుదామనుకుంది గానీ, ఆయన మొహం చూసి మానుకుంది. మూడేళ్ళ కష్టం ఇవాళ ఆయన పెన్ను కింద ఉంది మరి.

ల్యాబులోని గదంత కొలిమిలో ఆమె పరీక్షకి పెట్టిన స్తంభం నిలబడి ఉంది. భూకంపానికి తట్టుకోవాలని కాంక్రీటు చుట్టూ కార్బన్ నార గుడ్డని జిగురుతో అంటించారు. బలానికి భీముడే, మంటంటే మాత్రం పిరికిపంద. ఎనభై డిగ్రీలకే జిగురు మెత్తబడి గుడ్డ పట్టు వదిలేస్తుంది. అందుకే రలీత్సా పైన గుల్లరాయి పొడితో మందంగా పూత పూసింది. రెండు గంటల మంటలో పూత కింద వేడి ఎనభై దాటకూడదు. దాటితే ఈ పని ఇంతటితో సరి అని డైరెక్టరు ముందే తేల్చేశాడు.

"గెంచో బాబాయ్, వేడి కొలిచే తీగలు తగిలించావా?" కొలిమి కప్పు మీదికి కేకేసింది.

"అన్నీ అయ్యాయి తల్లీ! మధ్యాహ్నం ఆ దొరగారికి భోజనం కూడా నాదే. నువ్వు మంట పెట్టు!"

ముప్పై ఏళ్ళుగా ఆ కొలిమి గెంచో చేతిలోనే ఉంది. నిచ్చెనెక్కితే పరీక్ష అయ్యేదాకా దిగడు.

"ఒకటి, రెండు తీగలు మంటని కొలుస్తాయి. మూడోది పూత కింద వేడిని. నాలుగోది మిగులు. ఏదైనా పనికి రాకపోతే దాని బదులు తగిలిస్తాం," అని ఎగర్‌కి చెప్పి ఆమె గ్యాసు తిప్పడానికి వంగింది.

కొలిమి గుప్పున అంటుకుంది. ఆ హోరులో కప్పు మీదికి మాట వినబడదు. ఎగర్ పైకి మూడు వేళ్ళు చూపించి, స్తంభం వైపు వేలు పెట్టి, కనుబొమలెగరేశాడు. గెంచో రెండుసార్లు గట్టిగా తలూపాడు. ఎగర్ కాగితం మీద టిక్కు పెట్టాడు.

గంట తిరక్కుండానే మూడో తీగ ఎనభై దాటింది. తొంభై. వంద. అక్కడ మేకు కొట్టినట్టు ఆగిపోయింది.

"పూతలో తడి ఆవిరవుతోందేమో," రలీత్సా అంకెల తెర మీదికి వంగింది.

"తడీ గిడీ నాకనవసరం. ఎనభై దాటింది."

"కానీ స్తంభం వెంట్రుకవాసి కూడా కుంగలేదండీ!"

"మీ అదృష్టం. నేను రాసేది అంకెని." ఎగర్ తెర వైపు చూసి మూతి వంకరగా నవ్వాడు. "మీ మిగులు తీగ నయం, అరవై రెండే చూపిస్తోంది. అది స్తంభంలో ఉండుంటే గట్టెక్కేవారు."

పుండు మీద కారం చల్లడమంటే అదే. రెండు గంటలు పూర్తయ్యాయి. మంట ఆపారు. ఎగర్ కాగితం మీద పెద్ద కొట్టివేత గీసి, సంతకానికి ఆమె ముందు పెట్టాడు. రలీత్సా బోర్లించిన బకెట్ మీద కూలబడి బావురుమంది.

గెంచో తువ్వాలు చుట్టిన మట్టికుండతో నిచ్చెన దిగాడు. పుదీనా వాసన గుప్పుమంది.

"ఏంటమ్మా ఆ ఏడుపు? చిక్కుడు గింజలు వెన్నలా ఉడికాయి. లే, ఆ దొరకీ పెట్టు."

"తిండెవరికి కావాలి బాబాయ్! నీ మూడో తీగ నా కొంప ముంచింది. వంద చూపించింది!"

"వంద చూపించక? కుతకుతా ఉడికిందిగా!"

రలీత్సా ఏడుపు ఆగిపోయింది. "ఏది ఉడికింది? మూడోది స్తంభంలో లేదా?"

"లేదనే చెప్పాగా! ఈ దొర మూడు వేళ్ళు చూపించి అడిగితే, ఇదిగో, ఇలా..." గెంచో గడ్డం కిందికీ పైకీ ఆడించాడు.

ఆమె దిగ్గున లేచి కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది. "మరి మూడోది ఎక్కడ పెట్టావు బాబాయ్?"

"అది పొట్టిదమ్మా, స్తంభంలోకి నాలుగోది దింపా. ఇది ఈ కుండ దాకానే అందింది."