గోడ మీది కిటికీ

"వచ్చాడు! మళ్లీ వచ్చాడు!"

అంటూ నోట్‌బుర్గా చేతులకంటిన పిండిని ఏప్రన్‌కు తుడుచుకుంటూ వీధిలోకి పరుగెత్తింది.

కొండల మధ్య ఉన్న ఇన్స్‌బ్రుక్ పట్నం పాతబస్తీలో, ఆమె కాఫీ కొట్టు పక్క సందులో, టోపీ పెట్టుకున్న ఓ ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని గోడను చూస్తూ నిలబడ్డాడు.

ఊరికొచ్చిన జనమంతా పేరుమోసిన బంగారు రేకుల ఇంటికప్పు చూడ్డానికి అటు ఎగబడుతుంటే, ఈయన మాత్రం కొన్నాళ్లుగా ఈ పెచ్చులూడిన గోడనే చూస్తున్నాడు.

ఆ గోడ మీద, పై అంతస్తులో ఓ కిటికీ ఉంది. నిజం కిటికీ కాదు, ఎవరో చిత్రకారుడు రంగులతో వేసింది. అందులో ఓ పడుచుపిల్ల కిటికీ అంచు మీద మోచేతులు ఆనించి, నవ్వుతూ సందులోకి చూస్తుంటుంది.

ఆ బొమ్మ వెనకే, చీకటి గదిలో, నోట్‌బుర్గా భర్త విన్సెంజ్ మంచం పట్టి ఉన్నాడు. ఒకప్పుడు కొండలెక్కేవాళ్లకు దారి చూపిన మనిషి. ఇప్పుడతని కోరిక ఒక్కటే. మంచం మీంచి కొండ కనబడాలి.

బొమ్మ ఉన్నచోట గోడ కొట్టి నిజం కిటికీ పెట్టాలంటే పాత కట్టడాల ఆఫీసు ఒప్పుకోవాలి. బొమ్మ తీయొద్దని ఎవరో అభ్యంతరం పెట్టడంతో పని అక్కడే ఆగిపోయింది.

అందుకే ఈ ముసలాయన తనిఖీకొచ్చిన అధికారే అని నోట్‌బుర్గా తేల్చేసుకుంది. పైగా, పేరు తెలియని పెద్దమనిషికి 'హోఫ్రాట్' లాంటి ఏదో ఒక సర్కారు హోదా తగిలించి పిలవకపోతే ఆ దేశంలో ఎవరికీ నోరు పెగలదు.

"హోఫ్రాట్ గారూ! ఎండలో నిలబడ్డారేం? లోపలికి రండి."

"నేను హోఫ్రాట్‌ని కాదమ్మా..."

"మీరు పైకి చెప్పకూడదు లెండి, నాకు తెలుసు!" ఆమె ఆయన్ని కూర్చోబెట్టి, ముందు ఆపిల్ ముక్కలు చుట్టి కాల్చిన స్ట్రూడెల్ పెట్టింది. "తినండి. ఇది లంచం కాదు. లంచమైతే మీగడ కూడా వేసేదాన్ని."

ఆయన నవ్వాడు.

ఆమె లోపలికెళ్లి మీగడ తెచ్చి వేసింది.

"ఆ అభ్యంతరం పెట్టిన మహానుభావుడెవరో మీకు తెలిసే ఉంటుంది కదండీ?"

"ఆ... తెలుసు."

"వాడికసలు మనసనేది ఉందా? గోడ మీది బొమ్మ కోసం బతికున్న మనిషిని చీకట్లో పెడతాడా? వాణ్ణి ఒక్క పూట మా ఆయన మంచంలో పడుకోబెడితే తెలిసొస్తుంది!"

ముసలాయన చెంచా కింద పెట్టాడు.

"మీ ఆయన్ని ఓసారి చూడొచ్చా అమ్మా?"

పైగదిలో పట్టపగలే దీపం వెలుగుతోంది.

"హోఫ్రాట్ గారొచ్చారు. కాస్త లేచి కూర్చో," అంది నోట్‌బుర్గా.

"లేవగలిగితే ఈయనతో నాకు పనేముందే!" అన్నాడు విన్సెంజ్. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "సార్, కొండ మీద మంచు కరిగిందా?"

"పైన ఇంకా ఉంది. కింద పచ్చబడుతోంది."

"ఇంకా చెప్పండి."

విన్సెంజ్ కళ్లు మూసుకుని విన్నాడు. ముసలాయన మబ్బు ఎక్కడుందో, నీడ ఎంత దూరం వచ్చిందో అన్నీ ఓపిగ్గా చెప్పాడు.

అప్పట్నుంచి రోజూ సందులో కాసేపు నిలబడి, తర్వాత పైకొచ్చి కొండ కబుర్లు చెప్పి వెళ్లేవాడు.

ఓ రోజు విన్సెంజ్ అడిగాడు. "మా గోడ మీది పిల్ల ఎలా ఉంది సార్? నేను చూసి చాలా కాలమైంది."

"నవ్వుతూనే ఉందయ్యా."

ముసలాయన లేచి టోపీ పెట్టుకున్నాడు. మెట్లు దిగి కొట్టులోకి వచ్చాక నోట్‌బుర్గాతో అన్నాడు.

"గోడ కొట్టించుకోండమ్మా. మీ ఆయనకి కొండ కనబడాలి."

"మీ నోటి నుంచి ఆ మాటొస్తే చాలు, పనైపోయినట్టే!"

నిజంగానే నాలుగు రోజుల్లో అనుమతి వచ్చేసింది.

గోడ కొడుతున్న రోజు ఆయన సందులోనే ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆఖరి పెచ్చు రాలేదాకా కదల్లేదు.

పైన విన్సెంజ్ కొండను చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నోట్‌బుర్గా సంతోషం పట్టలేక గోడలో కొత్తగా పడిన ఖాళీలోంచి తల బయటపెట్టి కేకేసింది.

"పైకి రండి హోఫ్రాట్ గారూ! ఈ పూట కొండ గురించి ఆయనే మీకు చెప్తాడట!"

ఆయన చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

చూసి చూసి, ఆమె స్ట్రూడెల్ చేసుకుని ఆఫీసుకే వెళ్లింది.

"హోఫ్రాట్ గారికివ్వాలమ్మా. పొడుగ్గా ఉంటారు, బూడిదరంగు టోపీ. మా కిటికీ ఆయన చలవే."

అక్కడ కూర్చున్నావిడ ఆలోచించింది.

"అలాంటివారు మా దగ్గర లేరండీ. ఆగండి... ఆ టోపీ ఆయనా? మీ మీద అభ్యంతరం పెట్టింది ఆయనే కదా! ఆమధ్య తనే వచ్చి వెనక్కి తీసుకున్నారు."

నోట్‌బుర్గా చేతిలోని స్ట్రూడెల్ బల్ల మీద పెట్టేసింది. ఆయన ముందు తను ఆడిన మాటలన్నీ గుర్తొచ్చాయి.

"ఆయనకి... ఆ బొమ్మతో ఏం పని?"

"అందులో ఉన్న పిల్ల ఆయన భార్యండీ, పడుచుతనంలో ఆవిణ్ణి చూసి వేసిన బొమ్మట. పోయిన ఏడాది ఆవిడ కాలం చేశాక, రోజూ అక్కడికొచ్చి చూసుకునేవారట."