ఒక గట్టు గోడ

"మళ్ళీ వచ్చిందండీ వద్దమ్మ," అన్నాడు గుమస్తా, నవ్వాపుకుంటూ.

నగర ప్రణాళిక ఇంజనీరు తలెత్తి చూశాడు. మైకు దగ్గర ఓ పెద్దావిడ. తుడిచిన హాల్లో ఆవిడ నడిచినంత మేరా చెప్పుల బురద మరకలు.

వరద గోడ మీద ఎప్పుడు సభ పెట్టినా వచ్చేది, గోడ వద్దనేది. అందుకే ఆ పేరు.

కాలువకి ఒక గట్టున మేడల వీధి, అవతలి గట్టున రేకుల ఇళ్ళు. నిధులు ఒక గోడకే వచ్చాయి. ఖరీదైన ఇళ్ళు ఎటుంటే గోడా అటే.

"గోడ కడితే నీళ్ళు ఆవిరైపోతాయా బాబూ? అవతల ఇళ్ళ మీద పడతాయి. సగం ఎత్తు చాలు, రెండు వైపులా కట్టండి."

"అప్పుడు మేడల వీధిలోకీ నీళ్ళొస్తాయమ్మా!" అన్నాడు ఇంజనీరు.

"రానివ్వండి. మోకాలి లోతుకి ఎవరూ చచ్చిపోరు."

హాలంతా గొల్లున నవ్వింది.

ఇంజనీరుకి ఒళ్ళు మండింది. రేకుల ఇళ్ళవాళ్ళని ఆయన 'మీరు' అనడు.

"నీ కొంప మునుగుతుందని అందరి కొంపలూ ముంచమంటావా?"

"నా ఇల్లు కాదు బాబూ, నేనుండేది..."

"ఆ మైకు ఆపండి," అన్నాడు.

గోడ లేచింది. మేడల వీధి మెచ్చుకుంది.

వానలకి కాలువ పొంగింది. గోడ చెక్కుచెదరలేదు. నీళ్ళన్నీ రేకుల ఇళ్ళ మీద పడ్డాయి.

నీళ్ళు తీశాక ఇంజనీరు అక్కడికి వెళ్ళాడు. ఈసారి బురద ఆయన బూట్లకి.

"ఇక్కడ ఒక పెద్దావిడ ఉండాలి. మా సభలకి వచ్చేవారు..."

"పెద్దక్కా?" బట్టలు పిండుతున్న ఒకామె తలెత్తలేదు. "మమ్మల్నందర్నీ వంతెన దాటించింది. మంచం పట్టిన మా మామగారినీ గట్టెక్కించింది. తనే ఎక్కలేకపోయింది."

ఇంజనీరుకి ఆనాటి సభ గుర్తొచ్చింది. ఆవిణ్ణి చంపింది కాలువ కాదు, తనే. ఆ పూట ఆ ఒక్క మాటా పూర్తిగా విని ఉంటే!

కనీసం ఆవిడ ఇల్లన్నా నిలబెట్టాలి. అంతకన్నా చేయగలిగింది ఏముంది?

"ఏదమ్మా వారి ఇల్లు? ముందు దాన్నే కట్టిస్తాను."

ఆమె వింతగా చూసింది.

"దానికేమైందని?"

తడిచేతిని ఎత్తి కాలువ అవతలికి చూపించింది. ఆయన కట్టించిన గోడ వెనక, గడపైనా తడవకుండా నిలబడి ఉన్న మొదటి మేడని.