కత్తిపీట మీద పేరు

మిషన్ ఆపి, గిరిధర్ రాళ్లలోంచి కత్తిపీట కత్తిని పైకి తీసి చూశాడు. తుప్పు పోయింది, బాగానే ఉంది. తుప్పుతో పాటు పేరు కూడా పోయింది.

మధుసూదనరావు అని చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరది. ఇందిరాదేవి ఆంటీ భర్త ఆయన, పోయి రెండేళ్లయింది. మౌంట్ ఆల్బర్ట్‌లో ఆవిడ ఇంట్లోనే ఒక గదిలో గిరిధర్ అద్దెకుంటున్నాడు. అద్దెకనడం పేరుకే. ఒళ్లు వెచ్చబడితే చారు కాచి పోసేది ఆవిడే. కత్తిపీట తుప్పు పట్టి కూరకి మరకలు అంటుతున్నాయని ఆవిడ అంటే, నేను అద్దంలా చేసి తెస్తానంటూ చెక్క నుంచి కత్తిని విప్పి తనే గొప్పగా తెచ్చాడు.

మనురేవాలో అతను పనిచేసే వర్క్‌షాపులో కత్తులకు నునుపు పెట్టేది ఈ మిషనే. తొట్టిలో పింగాణీ రాళ్లు, సబ్బునీళ్లు పోసి కత్తులు వేస్తే, తొట్టి గడగడా వణుకుతుంది, రాళ్లు ఒరుసుకుని కత్తులు మెరుస్తాయి. నున్నటి రాళ్లలో రెండు గంటలు వేయాల్సింది. ఈ మహానుభావుడు పని త్వరగా తెమిలిపోతుందని గరుకు రాళ్లలో వేశాడు. వేసి, ఆర్డర్ల హడావుడిలో పడి సాయంత్రం దాకా దాని సంగతే మరిచిపోయాడు.

పక్కన పనిచేసే విష్ణు కత్తిని వెలుతురులో తిప్పి చూశాడు. చెక్కే మిషన్ ఉందిగా, మళ్లీ కొట్టెయ్, ఆంటీకేం తెలుస్తుందని సలహా ఇచ్చాడు. గిరిధర్ పనికిరాని రేకు మీద మూడుసార్లు ప్రయత్నించాడు. ఆ వంకర అక్షరాలు చూసుకుని తనకే సిగ్గేసింది. రోజూ కూర తరిగేటప్పుడు ఆవిడ కళ్లెదుట ఉండే పేరాయె, తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా, అంత ప్రేమగా చూసుకునే మనిషి దగ్గర దొంగపని చేయడానికి మనసొప్పలేదు.

ఇంటికెళ్లేసరికి ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కత్తి చేతికివ్వకూడదు కాబట్టి గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆంటీ, తప్పు చేశాను. అంకుల్ పేరు చెరిగిపోయింది."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. కత్తిని ఇటు తిప్పింది, అటు తిప్పింది. పేరున్న చోట బొటనవేలితో తడిమి చూసింది. గిరిధర్‌కి నాలుగు తిట్టినా బాగుండుననిపించింది.

"పూర్తిగా పోయిందా?" అంది చివరికి.

"పోయిందాంటీ. రూమ్ ఖాళీ చెయ్యమన్నా చేస్తాను."

"నోర్మూసుకో. ఇది నేను కాపరానికొస్తుంటే మా అమ్మ నాకు కొనిచ్చింది, తెలుసా? వచ్చిన వారానికే మా అత్తగారు దీని మీద కొడుకు పేరు కొట్టించారు. మీ అంకుల్ మంచివారే పాపం, ఆయన్నేమీ అనకూడదు. కానీ నలభై ఏళ్లలో దీని మీద ఒక్క బెండకాయ తరిగిన పాపాన పోలేదు."

ఆవిడ పమిటతో కళ్లు తుడుచుకుంది. అతని చెంప మీద చిన్నగా తట్టి, స్టూలు లాక్కుని ఎక్కి, పై అల్మారా తలుపు తెరిచింది. గిన్నెలు, పళ్లేలు, చెంబులు, డబ్బాలు ఒక్కొక్కటే దించి అతని ముందు పేర్చింది. అన్నిటి మీదా మధుసూదనరావే.

"ఇవన్నీ నీ మిషన్‌లో ఒకేసారి పడతాయా నాయనా, రెండుసార్లు వెయ్యాలా?"