హనుమాండ్లు చూపిన కొమ్మ

వేసవి క్యాంపులో, భివండి నుంచి వచ్చిన ముప్పై మంది మన తెలుగు పిల్లలకు అడవిని నేర్పే మాస్టరును నేను. కానీ మూడో రోజుకే పిల్లలంతా వంటమనిషి హనుమాండ్లు వెంట పడ్డారు. భివండిలోనే టెంఘర్‌లో ముప్పై ఏళ్లు మరమగ్గం, వాళ్ల మాటలో సాంచా, నడిపిన మనిషి. పిట్ట కూసిందంటే చాలు, నేను బైనాక్యులర్ ఎత్తేలోగా ఆయన వేలు ఆ కొమ్మను చూపిస్తూ ఉండేది.

దీనికోసం రెండేళ్లు కోర్సు చేసినవాణ్ని నేను. కడుపు మండిపోయింది. పైగా వెనక నుంచి పిలిస్తే పలకడు. అంత పొగరు!

ఐదో రోజు ఉండబట్టలేక భుజం పట్టి నావైపు తిప్పుకున్నాను. "పిట్ట ఏడున్నదో నాకన్న ముందే నీకెట్ల తెలుస్తదన్నా?"

ఆయన నా పెదవులనే చూశాడు. "జర మెల్లగ చెప్పుండ్రి సార్. సాంచాల మోతకు చెవులు ఎప్పుడో పోయినయ్."

మళ్లీ నెమ్మదిగా అడిగాను. ఆయన నవ్వాడు.

"కూత నాకేడ ఇనబడ్తది సార్? నేను పోరగాండ్ల మొఖాలు చూస్త. కూత ఎటుదిక్కు ఇనబడ్తే, అందరి మొఖాలు గటే తిరుగుతయ్."

ఆ ముప్పై మంది పిల్లల్లో ఒక్కరి మొహమూ నాకు గుర్తు రాలేదు.