ఏడో నంబరు హోటల్

బండి పెట్టుకోవడానికి చోటు లేని హోటల్‌కి మనుషులు పనిగట్టుకుని ఎందుకు వెళతారో బావగారికి అర్థం కాదు. బండేమో సందు మొదట్లో పెట్టాలి. అక్కణ్నించి నడవాలి. ఆపైన ఇరవై రెండు మెట్లు దిగాలి. తీరా కూర్చునేది నేలమాళిగలో.

"మోకాళ్లు పట్టేస్తాయి. ఇంకోటి చూడవోయ్," అన్నారు.

"అక్కడ మెట్లున్నాయని మీకెవరు చెప్పారు బావా?"

"పాత హోటళ్లకి ఉంటాయిలే."

ఆ రోజు బావగారి పెళ్లిరోజు. విందు ఇస్తున్నది బావమరిది. అతను జీతం తీసుకునేది బ్యాంకులో, పనిచేసేది మాత్రం హోటళ్ల మీద. ఊళ్లో తప్పక చూడాల్సినవంటూ పదింటి పేర్లు ఫోన్‌లో రాసుకొచ్చాడు. గోడ నిండా ఆగిపోయిన గడియారాలున్న పబ్బు ఒకటి. గంట కొడితేగాని గ్లాసు నింపని బారు ఇంకొకటి. ఏడో నంబరు, ఈ మెట్ల కింద హోటల్.

"దీని స్పెషాలిటీ ఏంటో తెలుసా? వంటాయనే బయటికొచ్చి టేబుల్ పక్కన నిలబడతాడట. మొదటి చెంచా మనం మింగేదాకా కదలడట!"

"ఎదుటివాడు మింగుతుంటే గుడ్లప్పగించి చూడ్డం స్పెషాలిటీయా? గడియారాల పబ్బుకి పోదాం పద."

"మీరు పబ్బుకొచ్చి ఏం చేస్తారు బావా?"

"టైం చూస్తాను."

"అక్కా, నువ్వు చెప్పు. పెళ్లిరోజు నీది కూడా."

అక్కయ్య జాబితా పైనుంచి కిందదాకా ఓపిగ్గా చదివి, వేలు పెట్టింది. "ఏడు."

బావగారు చెప్పులేసుకున్నారు. ఆయన కూడబెట్టిన ఆస్తి ఒకటే, బావమరిది దగ్గరున్న పరువు. 'మా బావ ఆఫీసులో పెద్ద పొజిషన్' అని వాడు పాతికేళ్లుగా కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాడు. ఈ పూట అది చెక్కు చెదరకుండా గడిచిపోతే చాలు.

హోటల్‌లో బావగారు వంటింటి తలుపుకి వీపు పెట్టి కూర్చున్నారు.

"ఆ కుర్చీ వద్దు, ఊగుతుంది," అన్నారు. బావమరిది వినకుండా కూర్చుని, ఊగాడు.

"భలే కనిపెట్టారే!"

"ఆఫీసు కుర్చీల్లో ముప్ఫై ఏళ్ల సర్వీసు."

మీసాల సర్వర్ వచ్చాడు. బావగారిని చూసి ఒక్క క్షణం ఆగి, గ్లాసుల్లో నీళ్లు పోశాడు. "మా దగ్గరికి మొదటిసారా సార్?"

"మొదటిసారే," అన్నారు బావగారు, నీళ్లవైపు చూస్తూ.

ఉల్లిపాయ సూపు చెప్పారు. అది వచ్చేలోగా బావమరిది కబుర్లలోకి దిగాడు.

"ఆదివారం భోజనానికి పిలవడం మానేశారేంటి బావా? వారానికోసారి మీ చేతివంటకి అలవాటు పడ్డ ప్రాణం."

"ఎనిమిది నెలలుగా ఆయన ఇంట్లో గరిటె ముట్టుకోవట్లేదురా. ఆఫీసులో పని ఎక్కువైందట," అంది అక్కయ్య. "అయినా నాకు లోటేం లేదు. అప్పట్నించీ తన బట్టలు తనే ఉతుక్కుంటున్నారు. బ్యాగు కూడా నన్ను సర్దనివ్వరు. మా అంతస్తులో ఆడవాళ్లంతా కుళ్లుకుంటున్నారు."

"మీ ఆఫీసులో జనాన్ని తీసేస్తున్నారటగా?"

"కొందరిని."

"మీకేదన్నా తేడా వస్తే నాకు చెప్పండి. నేనున్నాగా!" అన్నాడు బావమరిది, కనీసం రెండేళ్లపాటు సలహాలిచ్చే గొంతుతో. "ఆ వేలికి కట్టేంటి?"

"స్టేప్లర్."

"రెండు వేళ్లకా?"

"పెద్ద స్టేప్లర్."

సూపు వచ్చింది. బావమరిది ఒక చెంచా తాగి, కళ్లు మూసుకుని, తెరిచి, ఫోన్ తీశాడు. "మీ వంటాయన్ని పిలవండి. ఫోటో కావాలి."

"ఈ పూట సెలవండి. వాళ్లింట్లో ఏదో ఫంక్షన్. పొద్దున్నే వచ్చి అన్నీ చేసిపెట్టి వెళ్లారు," అన్నాడు సర్వర్, పైకప్పు వైపు చూస్తూ.

"ఛ! స్పెషాలిటీ ఉన్నదే ఒకటి, అదీ సెలవు పెట్టింది!"

"జాబితాలు నమ్ముకుంటే ఇంతేనోయ్," అన్నారు బావగారు. అప్పటికి ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి.

అక్కయ్య చెంచా ఎత్తింది. బావగారు తన గిన్నె సంగతి మర్చిపోయారు. ఆవిడ ఊదుకుని, నోట్లో పెట్టుకుని, మింగేదాకా కన్నార్పలేదు.

"ఏంటండీ ఆ చూపు?"

"ఏం లేదు. వేడిగా ఉందేమోనని."

అక్కయ్య గిన్నె అడుగు కనబడేదాకా తాగి, ఇంకోటి తెప్పించుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ బయట ఏదీ రెండోసారి అడిగి ఎరగదు. లేస్తూ సర్వర్‌తో అంది, "చేసినాయనకి చెప్పండి బాబూ. కడుపు నిండిందని."

"తప్పకుండా చెబుతానమ్మా." మీసాలు అటూ ఇటూ కదిలాయి గానీ నవ్వు బయటికి రాలేదు.

బావమరిది బండి తీసుకురావడానికి ముందు పరిగెత్తాడు. ఇద్దరూ మెట్లెక్కుతున్నారు. అక్కయ్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. పద్దెనిమిదో మెట్టు దగ్గర ఆగింది.

"సూపులో ఉప్పు ఒక్క పిసరు ఎక్కువైందండీ."

"నాకెందుకే చెబుతావ్?" అన్నారు బావగారు.

"ఏప్రన్ ఉతికి మీ బ్యాగులో పెట్టాను."