ఆదివారం గోలి

"అత్తమ్మా, ఆదివారం గోలి ఏది?"

రమ చేతిలో పోచవ్వ షుగర్ గోలీల షీటు ఉంది. వంటింటి గూట్లో, రమ థైరాయిడ్ గోలీల పక్కన ఉండేది అది. షీటు వెనక ఒక్కో గోలి మీద శని, ఆది, సోమ అని రమే పెన్నుతో రాసిపెట్టింది. ఈరోజు శనివారం. శని ఖాళీ అయింది, బాగానే ఉంది. పక్కన ఆది కూడా చిరిగి ఉంది.

"నాకేమెరుక?" చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంది పోచవ్వ. "చాయ్ తాగినంక ఒకటి మింగిన."

"పొద్దుగాల కరెంటు పోయింది గద. గప్పుడు చీకట్ల ఒకటి మింగి మర్చిపోయినవ్. చాయ్ తాగి ఇంకోటి మింగినవ్."

"కరెంటు వచ్చేదాక నేను మంచమే దిగలే."

"మరి గోలి నడుచుకుంట పోయిందా? నీ కొడుకు తలనొస్తే సుత గోలి ముట్టడు. ఇగ నేను మింగిన్నా?"

పొరపాటున రెండు పడితే షుగర్ దబ్బున పడిపోతుందని, మనిషి సోయి తప్పుతుందని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆ మాట గుర్తుకొచ్చి రమకు చెమటలు పట్టాయి. భర్త నాగరాజు బొగ్గు గనిలోకి దిగాడు, పైకి వచ్చేదాకా ఫోన్ కలవదు. ఆటో బాలమల్లుకు ఫోన్ చేసింది. షుగర్ చూసే మిషన్ తెమ్మని పక్క క్వార్టర్ జ్యోతిరాణిని కేకేసింది. గ్లాసు నీళ్లలో చక్కెర పోసింది. సగం నేల పాలయింది.

"జర నిమ్మళంగా పొయ్యవే, చీమలు పడ్తయ్," అని పోచవ్వ గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగి చప్పరించింది. "ఎన్ని దినాలకు! ఇంకో చెంచ ఏస్తే ఇంకా మంచిగుండు."

"నవ్వులాట కాదు అత్తమ్మా. కండ్లు తిరుగుతున్నయా?"

"లే."

"చేతులు వణుకుతున్నయా?"

పోచవ్వ రెండు చేతులూ చాపింది. ఒక్క గాజు కూడా కదల్లేదు. "నావి కాదు, నీవే వణుకుతున్నయ్."

"నాది భయం!"

"పొద్దటిసంది నీ కడుపుల ఏమన్న పడ్డదా?"

"శనివారం ఒక్కపొద్దు గద. పొద్దుగాల లేవంగనే నా గోలి ఒక్కటే పడ్డది."

జ్యోతిరాణి చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చింది. పోచవ్వ వేలు పొడిచి, రక్తపు చుక్క మిషన్‌కు తాకించింది.

"నూట డెబ్బై. పడిపోవుడు కాదు వదినా, నీ చక్కెర నీళ్లకు ఎక్కుతున్నది!"

"అమ్మయ్య," అంది రమ. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నవ్వబోయింది. అంతలోనే గోడకు ఆనుకుని అలాగే కిందికి జారింది. జాకెట్ చెమటకు తడిసి ముద్దయింది. వాళ్ల మాటలు ఎక్కడి నుంచో వినిపిస్తున్నట్టున్నాయి.

"జ్యోతీ, దీని వేలు సుత సూడు."

"వదినకు షుగర్ లేదు గదవ్వా."

"సూడమన్న."

మిషన్ చూసి జ్యోతిరాణి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అవ్వో! యాభై ఒకటి!"

పోచవ్వ తన గ్లాసే కోడలి నోటికి ఆనించింది. "తాగు బిడ్డా. ఒక్కపొద్దు వచ్చే వారం ఉందువు తియ్యి." గ్లాసు ఖాళీ అయ్యాక ఇంకో గ్లాసు కలిపి తాగించింది. కాసేపటికి రమ చేతుల వణుకు తగ్గింది. ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది.

"నాకెందుకు పడిపోయింది అత్తమ్మా?"

పోచవ్వ గూటి వైపు చూసింది. ఏదో అనబోయేలోగా బయట హారన్ మోగింది. బాలమల్లు ఉరుక్కుంటూ వచ్చి ముసలామెకు చెయ్యి అందించాడు.

"లే పెద్దవ్వా, దవాఖానకు పోదాం. రెండు గోలీలు మింగినవంట గద?"

"నేను మింగింది ఒక్కటే బిడ్డా," అంది పోచవ్వ, కోడలి నడుం పట్టి లేపి నిలబెడుతూ. "కరెంటు లేనప్పుడు గూట్ల చెయ్యి వెట్టి, థైరాయిడ్ గోలి అనుకొని ఆదివారం గోలి మింగిన పేషెంట్ గీమె. జర పైలంగ తోలు."